దేవుడి దగ్గర ఒప్పుకున్నారు, అక్క దగ్గర ఇంకా లేదు

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పల్లె. నాకు 38 ఏళ్లు. తొమ్మిదేళ్ల కిందట నాన్నకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. కువైట్‌లో ఇంటిపని చేస్తున్న అక్క విడతలవారీగా 1,20,000 రూపాయలు నా ఖాతాకు పంపింది. డయాలసిస్ ఆరోగ్యశ్రీలో జరిగింది. మందులకు, ఇంజెక్షన్లకు, కారు కిరాయిలకు అక్క డబ్బే. ఆ రోజుల్లోనే నేను లీజుకు తీసుకున్న రొయ్యల చెరువు వైరస్ వచ్చి పోయింది. మేత షాపువాళ్లు ఇంటి మీదికి వస్తుంటే అక్క డబ్బులోంచి 45,000 వాళ్లకు కట్టేశాను. మొత్తం ఆసుపత్రికే అయిందని అక్కతో చెప్పాను. ఒక్క డయాలసిస్ కూడా మానలేదు. హైదరాబాదు తీసుకెళ్దామా అని అక్క అడిగితే, అవసరం లేదని డాక్టరుగారు అన్న మాట నిజమే గానీ, నా మనసులో డబ్బు లెక్క బయటపడుతుందన్న భయం కూడా ఉంది. మూడో నెలలో గుండె ఆగి నాన్న చనిపోయారు. అప్పటినుంచి ప్రతి ఉపవాస ప్రార్థనలో ఇదే ఒప్పుకుంటున్నాను. బల్ల, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారం బయటికి వచ్చేస్తాను. దశమభాగం కాక నెలకు 1,000 అదనంగా కానుక వేస్తున్నాను. ఏం చేశానో చెప్పకుండా, ఒక పాపం చేశానని మాత్రం పాస్టరుగారితో అన్నాను. దేవుడు క్షమించాడు, నమ్ము అన్నారు. నమ్మకం కుదరడం లేదు. క్షమాపణ లేని పాపం చేశానేమోనని భయం. కొన్ని రాత్రులు అసలు బతకడం ఎందుకనిపిస్తుంది. డిసెంబరులో నాన్న జ్ఞాపకార్థ కూడికకు అక్క సెలవు మీద వస్తోంది. ఆ రోజు అందరి ముందూ సాక్ష్యం చెప్పి ఒప్పుకోవాలా?

సమాధానం: సోదరా, మిగతావన్నీ తర్వాత. ముందు, బతకడం ఎందుకనిపిస్తున్న ఆ రాత్రుల గురించి. అది విశ్వాసం తక్కువై వచ్చిన ఆలోచన అనుకోకండి, ప్రార్థన పెంచితే పోతుందనీ అనుకోకండి. ఈ రోజే మీ భార్యకు గానీ, మీరు నమ్మే ఒక్క మనిషికి గానీ ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. రాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ఆలోచన వస్తే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. నిద్ర, ఆకలి, పనిమీద ధ్యాస రెండు వారాలకు పైగా సరిగా లేకపోతే మానసిక వైద్యుణ్ణి కలవండి. యెజెబెలు రాణికి భయపడి పారిపోతూ నాకు చావు రానిమ్మని ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుంటే, దేవుడు పంపిన దూత ముందు గద్దించలేదు, రొట్టె పెట్టి నీళ్లిచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. ఒంటికి చేయాల్సిన వైద్యం చేయించుకోవడం భక్తికి ఎదురు కాదు.

ఇక ఉత్తరం సంగతి. మీరు ఒకే మూటగా మోస్తున్నది నిజానికి రెండు మూటలు. ఒకటి 45,000 రూపాయలు, దాని చుట్టూ అల్లిన అబద్ధం. రెండోది నాన్న చావు. మొదటిది మీది. రెండోది, మీరు రాసినదాన్నిబట్టి, మీది కాదు. రెండూ కలిపి ఒకే ప్రార్థనలో పెడుతున్నందువల్ల తీర్చగలిగిన బాకీ కూడా తీరనిదానిలా కనిపిస్తోంది.

రెండోదాన్ని ముందు దించుదాం. డయాలసిస్ ఒక్కటీ ఆగలేదు. హైదరాబాదు అవసరం లేదన్నది డాక్టరే. కిడ్నీలు పోయి డయాలసిస్ మీద ఉన్నవాళ్ల ప్రాణం ఎక్కువగా తీసేది గుండెజబ్బే. ఒంట్లో నీరు చేరడం, పొటాషియం పెరగడం, ఏళ్ల తరబడి ఉన్న బీపీ, ఇవన్నీ చివరికి గుండె మీదే పడతాయి. అయినా మా మాట మీద ఆగిపోవద్దు. నాన్న డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీలు ఇంట్లో ఉంటే తీసుకుని ఒక కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "అప్పట్లో ఇంకో 45,000 ఉండి ఉంటే ఇందులో ఏ మందైనా, ఏ పరీక్షైనా మారేదా?" మారేది కాదని డాక్టరు అంటే ఆ మాట ఒక కాగితం మీద తారీఖుతో రాసి బైబిల్లో పెట్టుకోండి. ఒకవేళ ఫలానాది మానేశారని తేలితే, ఆ ఒక్కటి మాత్రమే మొదటి మూటలోకి వస్తుంది, అక్కకు చెప్పే మాటల్లో చేరుతుంది. మొత్తం చావు మాత్రం ఏ లెక్కలోనూ మీ ఖాతాలోకి రాదు. హైదరాబాదు మాట వచ్చినప్పుడు మనసులో మెదిలిన భయం మాత్రం నిజంగా మీదే. దాన్ని భయం అనే ఒప్పుకోండి, హత్య అని పేరు మార్చకండి. చేయని నేరాన్ని ఒప్పుకుంటే వినయం అనిపిస్తుంది గానీ, దేవుడి ఎదుట అదీ తప్పు లెక్కే.

మొదటి మూట దగ్గర ఎక్కువసేపు నిలబడాలి.

తొమ్మిదేళ్లుగా ఒప్పుకుంటున్నానని రాశారు. ఎవరి దగ్గర? దేవుడి దగ్గర. పాస్టరుగారికి "ఒక పాపం" అన్నారు, పేరు చెప్పలేదు. భార్యకు చెప్పినట్టు లేదు. అక్కకు చెప్పనే లేదు. పైగా మొత్తం ఆసుపత్రికే అయిందన్న మాట ఈ రోజుకీ ఆమె నమ్మకంలో అలాగే ఉంది. అంటే తొమ్మిదేళ్ల కిందట చేసి వదిలేసిన పాపం కాదిది, అబద్ధం రూపంలో ఇవాళ్టికీ నడుస్తోంది. మీకు నెమ్మది లేకపోవడానికి కారణం దేవుడు క్షమించకపోవడం కాదని మా నమ్మకం. ఒక చేత్తో క్షమాపణ అందుకుంటూ రెండో చేత్తో అబద్ధాన్ని పట్టుకుని ఉన్నారు. మనస్సాక్షి కుదుటపడకపోవడం ఇక్కడ జబ్బు కాదు, అది పనిచేస్తోందనడానికి గుర్తు. 32వ కీర్తనలో దావీదు తాను మౌనంగా ఉన్నన్నాళ్లూ ఎముకలు క్షీణించాయని చెప్పింది ఈ స్థితి గురించే.

"నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అన్న 51వ కీర్తన మాట పట్టుకుని, దేవుడి దగ్గర ఒప్పుకుంటే చాలనుకునేవాళ్లు చాలామంది. ఊరియా భార్యను తీసుకుని, అతన్ని చంపించిన దావీదు ఆ మాట ఊరియా చనిపోయాక అన్నాడు. వెళ్లి క్షమాపణ అడగడానికి ఊరియా బతికి లేడు. మీ అక్క బతికే ఉంది. ఇక్కడ వర్తించేది మత్తయి 5:23, 24. కానుక తెచ్చినవాడికి బలిపీఠం ముందు సహోదరుడి సంగతి గుర్తొస్తే, కానుకను అక్కడే వదిలేసి "మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము" అన్నాడు ప్రభువు. ఆ మాట వింటున్నవాళ్లు గలిలయవాళ్లు. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మూడు నాలుగు రోజుల నడక. కానుకను అక్కడ వదిలి, ఊరెళ్లి, మళ్లీ రావాలన్నమాట. ఆయన దృష్టిలో ఈ పని అంత ముందుది.

అందుకే ఆ అదనపు కానుక ఈ నెలనుంచి ఆపేయండి. ఇది కటువుగా అనిపిస్తే క్షమించండి, కానీ లెక్క చూడండి. నెలకు 1,000 చొప్పున తొమ్మిదేళ్లకు 1,08,000. అక్క దగ్గర తీసుకున్నదానికి రెండింతలకు పైగా సంఘానికి ఇచ్చారు, అక్కకు ఒక్క రూపాయి చేరలేదు. బాకీ ఒకరికి ఉంటే ఇంకొకరికి కడుతున్నారు. సంఘాన్ని తిరిగి అడగనక్కర్లేదు, ఇచ్చింది ఇచ్చినట్టే. ఇకపై మాత్రం ఆ వెయ్యి అక్కవైపు మళ్లాలి.

ఎంత ఇవ్వాలి? లేవీయకాండము 6వ అధ్యాయం మొదట్లో సరిగ్గా మీలాంటి సందర్భమే ఉంది: నమ్మి అప్పగించినదాన్ని వాడుకుని బొంకినవాడు. వాడు అసలు మొత్తం ఇచ్చి, దానిలో అయిదోవంతు కలిపి సొంతదారుడికి ఇవ్వాలి. 45,000లో అయిదోవంతు 9,000. మొత్తం 54,000. ఏ రోజున? అపరాధపరిహారార్థ బలి తెచ్చే రోజునే. మనిషికి ఇవ్వవలసిందీ దేవుడికి తేవలసిందీ వేరువేరు రోజులకు వాయిదా పడకూడదన్నమాట. హెబ్రీలో ఆ బలి పేరు ఆషామ్. యెషయా 53:10లో బాధపడే సేవకుడు తన్నుతాను దేనిగా అర్పించుకుంటాడని ఉందో, అదే ఆషామ్. మీ బదులు ఆ బలి జరిగిపోయింది, దాన్ని మీరు మళ్లీ తేలేరు, తేనక్కర్లేదు. మీకు మిగిలింది మొదటి సగం, సొంతదారుడి డబ్బు సొంతదారుడికి చేర్చడం.

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. 54,000 కడితే క్షమాపణ వస్తుందని కాదు. జనం దగ్గర అన్యాయంగా పన్నులు గుంజిన జక్కయ్య సంగతిలో వరస చూడండి. యేసు ముందు అతని పేరు పెట్టి పిలిచి, నీ ఇంట ఉంటానన్నాడు. ఆ తర్వాతే జక్కయ్య లేచి నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. క్షమించిన మనిషి చేతినుంచి డబ్బు కదలడం అది. డబ్బు కట్టి క్షమాపణ కొనడం అయితే వరస తిరగబడి ఉండేది. అయిదోవంతు ధర్మశాస్త్రంలోది, నాలుగంతలు జక్కయ్య తనంతట తాను అన్నది. క్రైస్తవుడికి రెండూ అప్పుపత్రాలు కావు, కొలత తెలియడానికి పనికొస్తాయి. మీ పరిస్థితికి అసలూ అయిదోవంతూ న్యాయంగా ఉంటాయి. నాలుగంతలు అని ఆవేశంలో మాటిచ్చి, వడ్డీకి అప్పు తెచ్చి, మళ్లీ ఇంట్లో దాచితే మొదటి తప్పే తిరిగొస్తుంది.

ఇప్పుడు పని. ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు సంగతులు రాయండి: ఏం తీసుకున్నాను, ఎవరిది, ఏ అబద్ధం చెప్పాను, ఆ అబద్ధం కాపాడుకోవడానికి తర్వాత ఏమేం చెప్పాను. నాలుగోది అందరూ వదిలేస్తారు. ఈ తొమ్మిదేళ్లలో అక్క ఆసుపత్రి ఖర్చు మాట ఎత్తినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పే ఉంటారు, గుర్తున్నంతవరకు రాయండి. "పాపిని, అయోగ్యుణ్ణి" లాంటి మాటలు ఇందులో వద్దు. మొత్తంగా నన్ను నేను తిట్టుకోవడం సులువు, ఫలానా తేదీన ఫలానా అబద్ధం ఆడాను అనడం కష్టం. 1 యోహాను 1:9లో "ఒప్పుకొనినయెడల" అన్నచోట గ్రీకు మాటకు అర్థం, అదే మాట అనడం. దేవుడు దాన్ని ఏమంటాడో మీరూ అదే అనడం. దొంగతనాన్ని దొంగతనమనే అనాలి, "అప్పటి పరిస్థితి" అనకూడదు.

ఆ కాగితం చదువుతూ దేవుడి దగ్గర ఒక్కసారి, పైకి వినిపించేలా ఒప్పుకోండి. ఇదే చివరిసారి. అయ్యాక బైబిల్లో 1 యోహాను 1:9 పక్కన ఆ రోజు తారీఖు వేసుకోండి. తర్వాత ఎప్పుడు గుర్తొచ్చినా మళ్లీ ఒప్పుకోకండి, తారీఖు చూసి "ప్రభువా, ఆ రోజు విన్నావు, స్తోత్రం" అని లేచి పనిలోకి వెళ్లండి. ఒకే పాపాన్ని వందసార్లు ఒప్పుకోవడం భక్తిలా కనిపిస్తుంది గానీ, తొంభై తొమ్మిదిసార్లు ఆయన మాట నమ్మలేదన్న అర్థం వస్తుంది. మార్టిన్ లూథర్ సన్యాసిగా ఉన్న రోజుల్లో తన గురువు స్టౌపిట్స్ దగ్గర గంటల తరబడి ఒప్పుకునేవాడు, గదికి చేరేలోపే మరచిపోయిందేదో గుర్తొచ్చి మళ్లీ బెంగపడేవాడు. అతనికి నెమ్మది ఇచ్చింది ఇంకా పొడవైన జాబితా కాదు, నీతి దేవుడు ఇచ్చేదన్న రోమా పత్రిక మాట. ఒప్పుకోవడం ఆపితే భయంతో ఊపిరాడనట్టు ఉండి, రోజుకు పదిసార్లు ఒప్పుకుంటే తప్ప తగ్గకపోతే, అది మనసుకు వచ్చే ఒక జబ్బు లక్షణం కావచ్చు, దానికి మందుంది, పైన చెప్పిన మానసిక వైద్యుడికి ఇదీ చెప్పండి.

ఆ తర్వాత మీ భార్య. అక్క కంటే ముందు ఆమెకు తెలియాలి. 54,000 వెళ్లేది మీ ఇద్దరి ఇంటిఖర్చులోంచి. ఆమెకు తెలియకుండా కడితే ఇంకో రహస్యం మొదలవుతుంది.

డిసెంబరు కూడికలో సాక్ష్యం చెప్పవద్దు. ఈ విషయంలో మాకు ఏ సందేహమూ లేదు. పాపం ఎంతమందికి తగిలిందో ఒప్పుకోలు అంతమంది దగ్గరే. మీ పాపం తగిలింది అక్కకు. నలభైమంది చుట్టాల ముందు, నాన్న ఫోటో పక్కన మైకు పట్టుకుని మీరు ఏడిస్తే, అక్కకు కోపపడే అవకాశం కూడా మిగలదు. అందరూ చూస్తుండగా "క్షమించాన్రా" అనక తప్పదు. పైగా ఆమె కష్టం, ఆమె డబ్బు ఊరి నోట్లో పడతాయి. సాక్ష్యం చెప్పుకుని మీరు తేలికపడతారు, ఆ బరువు ఆమె నెత్తికి మారుతుంది. అమ్మ ఉంటే అమ్మకు చెప్పాలా వద్దా అనేది కూడా అక్క నిర్ణయానికే వదలండి.

ఆమె వచ్చేదాకా ఆగి ఎదురుగా చెప్పాలా, ఫోన్లోనా? మామూలుగా అయితే ఎదురుగా చెప్పడమే మంచిది. ఇక్కడ మాత్రం ముందుగా ఫోన్లో చెప్పమంటాం. రెండు మూడేళ్లకు దొరికిన నెల సెలవులో, బంధువుల మధ్య, జ్ఞాపకార్థ కూడిక పనుల్లో ఆమెకు ఈ వార్త జీర్ణించుకునే చోటు ఉండదు. ముందే తెలిస్తే రావాలో, ఎప్పుడు రావాలో, మీ ఇంట్లో దిగాలో వేరేచోట దిగాలో ఆమె తేల్చుకుంటుంది. కనీసం రెండు నెలల ముందు చెప్పండి. కువైట్‌లో వారపు సెలవు శుక్రవారం, తెలుగు సంఘాల ఆరాధనా ఆ రోజే. ఇంటిపనివాళ్లందరికీ శుక్రవారం దొరకదు, కాబట్టి ముందురోజు వాట్సాప్‌లో "అక్కా, నీతో ఒంటరిగా అరగంట మాట్లాడాలి, ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు, ఎప్పుడు వీలవుతుంది?" అని పెట్టండి. అందరూ బాగానే ఉన్నారన్న మాట మరచిపోకండి, దూరంలో ఉన్నవాళ్లకు అలాంటి మెసేజి గుండె ఆపేస్తుంది. ఆమె సమయం మనకన్నా రెండున్నర గంటలు వెనక, ఆమెకు రాత్రి ఎనిమిదంటే మీకు పదిన్నర. యజమాని ఇంట్లో పని మధ్యలో, నలుగురు వినే చోట ఉన్నప్పుడు మొదలుపెట్టకండి. వాయిస్ మెసేజిలో అసలు వద్దు. అది ఆమె ఒంటరిగా వినాలి, మళ్లీ మళ్లీ వినాలి, ఎవరైనా వినొచ్చు.

మాటలు ముందే రాసుకోండి. ఇంచుమించు ఇలా: "అక్కా, నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు నువ్వు పంపిన లక్షా ఇరవై వేలల్లో 45,000 నేను మేత షాపు బాకీకి కట్టాను. నీతో మొత్తం ఆసుపత్రికే అయిందని అబద్ధం చెప్పాను. ఆ తర్వాత కూడా అడిగినప్పుడల్లా అదే చెప్పాను. నీ కష్టార్జితం దొంగిలించాను. అది తప్పు. నీకు తిరిగి ఇస్తున్నాను, అసలు 45,000, పైన 9,000. నాన్న డయాలసిస్ ఒక్కటీ ఆగలేదు, కాగితాలు నా దగ్గర ఉన్నాయి, నీకు పంపుతాను. నువ్వు ఏమన్నా వింటాను." అంతే. తర్వాత నోరు కట్టేసుకోండి.

ఇందులో లేనివి కూడా గమనించండి. "కానీ" లేదు. చెరువు పోయిన కథ లేదు, ఆమె అడిగితే చెప్పండి. "తొమ్మిదేళ్లుగా నరకం అనుభవించాను" లేదు, ఎందుకంటే ఆ మాట విన్న అక్క తన కోపం మింగేసి మిమ్మల్ని ఓదార్చడం మొదలుపెడుతుంది. "నువ్వు క్షమించకపోతే నేను బతకను" అనేది బెదిరింపు, ఎంత ఏడుస్తూ అన్నా సరే. "నన్ను క్షమించు" అని అడగడం కూడా ఆ రోజు వద్దు. ఆమెకు ఇప్పుడే తెలిసింది, మీకు తొమ్మిదేళ్లు పట్టింది. కొన్ని వారాలు పోయాక, ఆమె తనంతట మాట్లాడుతున్నప్పుడు అడగొచ్చు.

డబ్బు ఆమె పేరు మీదున్న ఖాతాకే పంపండి. అమ్మ చేతికీ, బావ చేతికీ కాదు. ఆ మర్నాడే మొదటి వాయిదా. నెలకు 4,500 అయితే 12 నెలలకు తీరుతుంది, ఆపేసిన వెయ్యి పోను ఇంట్లోంచి 3,500 సర్దాలి. అంత కుదరకపోతే 3,000 చొప్పున 18 నెలలు. మధ్యలో ఆగిపోయే పెద్ద వాయిదా కన్నా చివరిదాకా సాగే చిన్నది మేలు. ఏ తారీఖున వేస్తానన్నారో ఆ తారీఖునే వేయండి. పోయిన నమ్మకం ఆమెకు మాటలతో తిరిగి రాదు, ప్రతి నెలా అదే తారీఖున ఫోన్లో మోగే ఆ చిన్న మెసేజితో మెల్లగా వస్తుంది.

ఆమె ఏమంటుంది? కోప్పడవచ్చు, ఫోన్ పెట్టేయవచ్చు, నెలల తరబడి మాట్లాడకపోవచ్చు. ఆ కోపం ఆమె హక్కు. ఎదురు జవాబివ్వకండి, మధ్యవర్తుల్ని పంపకండి, "క్షమించకపోతే దేవుడు నిన్నూ క్షమించడు" అన్న వాక్యం ఆమె మీద ప్రయోగించకండి. పదివేల తలాంతుల అప్పు మాఫీ అయినా తనకు బాకీ ఉన్నవాణ్ణి వదలని దాసుడి ఉపమానం అప్పు మాఫీ పొందినవాడికి చెప్పినది, అప్పున్నవాడి చేతికి ఆయుధంగా ఇచ్చింది కాదు. వాయిదాలు మాత్రం ఆపకండి. ఇంకో సంగతి, అక్క వెంటనే "పోనీలేరా, నాకొద్దు ఆ డబ్బు, మరచిపో" అనవచ్చు. చాలామంది ఇక్కడే ఊపిరి పీల్చుకుని ఆగిపోతారు, ఆరు నెలలకు మళ్లీ అదే బరువు. ఒకసారి వద్దంటే "నీ ప్రేమకు సంతోషం అక్కా, కానీ ఇది నీ డబ్బు" అని పంపండి. వారం పోయాక కూడా గట్టిగా వద్దంటే ఏం చేయమంటావో ఆమెనే అడగండి. ఆమె పేరున మీ ఇష్టం వచ్చినచోట దానం చేయకండి, అది మళ్లీ ఆమె డబ్బు మీరు ఖర్చుపెట్టడమే. అంతా చేశాక కూడా ఆమె మనసు మారకపోతే రోమా 12:18లో "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అన్న హద్దు ఉంది. మీ చేతిలో ఉన్నది తీరాక మిగిలింది ఆమెకూ దేవుడికీ మధ్య.

క్షమాపణ లేని పాపం గురించి. మార్కు 3లో ప్రభువు ఆ మాట అన్నది, పరిశుద్ధాత్మ చేసిన పనిని కళ్లారా చూస్తూ అది దయ్యాల అధిపతి బయల్జెబూలు పని అని అన్న శాస్త్రులతో. వాళ్లకు బాధ లేదు, భయం లేదు. తొమ్మిదేళ్లుగా క్షమాపణ కోసం తడుముకుంటున్న మనిషి వాళ్ల వరసలో లేడు. ఆ వాక్యం మీ ఉత్తరానికి సంబంధించింది కాదు.

"నన్ను నేను క్షమించుకోవాలి" అనే మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది. మీరు రాయలేదు గానీ ఎవరో ఒకరు చెప్తారు. బైబిల్లో ఆ ఆజ్ఞ ఎక్కడా లేదు, అది చాలా ఊరట. పౌలు 1 కొరింథీయులు 4లో, నన్ను నేనే విమర్శించుకోను, నన్ను విమర్శించేవాడు ప్రభువే అన్నాడు. మీరు మీ కేసులో జడ్జి కారు. తీర్పు వేరేచోట వచ్చింది: "క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు." మీ హృదయం ఇంకా నేరం మోపుతుంటే, దేవుడు హృదయం కన్నా పెద్దవాడని 1 యోహాను 3:20 అంటుంది. జ్ఞాపకం మాత్రం పోదు. నాన్న పుట్టినరోజున, మేత షాపు ముందునుంచి వెళ్లినప్పుడు గుర్తొస్తుంది. గుర్తు రావడం వేరు, నేరం నిలిచి ఉండటం వేరు. మా పాపాలను ఇక జ్ఞాపకం చేసుకోనని దేవుడు అన్నప్పుడు ఆయనకు మతిమరుపు వచ్చిందని కాదు, ఆ లెక్క ఇక తెరవనని. దావీదును క్షమించాక కూడా ఆ ఇంట్లో పరిణామాలు మిగిలాయి. మీకూ కొన్ని మిగలవచ్చు. అక్క ఇక డబ్బు మీ ఖాతాకు పంపకపోవచ్చు. దాన్ని శిక్ష అని చదువుకోకండి, అది ఆమె జాగ్రత్త.

యేసును శత్రువులకు అప్పగించిన ఇస్కరియోతు యూదా సంగతి కూడా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మీ రాత్రులకు అది దగ్గరగా ఉంది. యూదా పశ్చాత్తాపపడ్డాడు, పాపం చేశానని నోటితో అన్నాడు, ముప్పై వెండి నాణేలు తిరిగిచ్చాడు. చేయవలసినవన్నీ చేసినట్టే ఉంది. కానీ వెళ్లింది యాజకుల దగ్గరికి. "దానితో మాకేమి?" అన్నారు వాళ్లు. పేతురు కూడా బొగ్గుల మంట దగ్గర, యేసు ఎవరో తనకు తెలియదని ముమ్మారు బొంకాడు. అతను ఒడ్డున ప్రభువు ఉన్నాడని వినగానే పడవ దిగి నీళ్లలో దూకాడు. అక్కడా బొగ్గుల మంటే ఉంది, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడు ప్రశ్నలే ఎదురయ్యాయి, మూడోసారి మనసు నొచ్చింది. మీకూ ఆ ఫోన్ కాల్ నొప్పే. ఆ నొప్పి మిమ్మల్ని ఎవరివైపు నడిపిస్తోందో అదొక్కటి చూసుకోండి. 2 కొరింథీయులు 7:10లో దైవచిత్తానుసారమైన దుఃఖానికీ లోకసంబంధమైన దుఃఖానికీ ఉన్న తేడా అదే.

పాస్టరుగారికి ఈసారి పేరుపెట్టి చెప్పండి. "ఒక పాపం" అని అడిగితే "క్షమించాడు, నమ్ము" అన్న జవాబే వస్తుంది, అందులో ఆయన తప్పు లేదు. కథోలిక సోదరులకు పాపసంకీర్తనం ఉంది, అక్కడ విన్నది గురువు బయట చెప్పకూడదన్న కట్టుబాటు గట్టిది. లూథరన్, సి.ఎస్.ఐ. ఆరాధనల్లో ఒప్పుకోలు తర్వాత క్షమాపణ ప్రకటన క్రమంలోనే వస్తుంది. మీది అలాంటి క్రమం లేని సంఘమైతే, మీ కాపరినే అడగండి: "నేను ఇది చెప్పాక, క్షమాపణ వాక్యం నా పేరుపెట్టి నా ముందు చదవండి" అని. చెవితో వినడానికి ఒక విలువ ఉంది, అందుకే యాకోబు 5:16 ఒకనితో ఒకడు ఒప్పుకోమంటుంది. విషయం గడప దాటదని ముందే మాట తీసుకోండి. ఆ మాట నిలుపుకోలేరనిపిస్తే వేరే పెద్దాయన్ని చూసుకోండి.

చివరిగా బల్ల. అయోగ్యంగా తినడం గురించి పౌలు 1 కొరింథీయులు 11లో హెచ్చరించింది, కలిగినవాళ్లు ముందే తిని తాగి, పేదవాళ్లను ఆకలితో నిలబెట్టిన సంఘాన్ని. ఆ హెచ్చరికలో కూడా 28వ వచనం, తన్ను తాను పరీక్షించుకుని, "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అంటుంది. పరీక్షించుకుని బయటికి వెళ్లమనలేదు. తొమ్మిదేళ్లు మీరు సగం వచనమే పాటించారు. బాకీ పూర్తిగా తీరేదాకా, అక్క మనసు కరిగేదాకా ఆగవద్దు. అక్కతో మాట్లాడిన రోజు తర్వాత మీ సంఘంలో బల్ల ఇచ్చే మొదటి ఆదివారం, రోజూ కూర్చునే చోటే కూర్చోండి. పళ్లెం మీ వరసకు వచ్చినప్పుడు చెయ్యి చాపండి.